అధికార వార్తలు – ప్రజల సందేహములు



భద్రాచలము ప్రాంతమున నివసించు పెద్దలందఱును గోదావరి వరద హెచ్చరిక యన నేమో ఎఱుగుదురు. నీటిమట్టము 43 అడుగులు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరిక. 48 అడుగులు చేరినచో రెండవది. 53 అడుగులు చేరినచో మూడవది. ఆ మాట చెవిని బడినంతనే పల్లపు గ్రామములవారు పశువులను విప్పి మెరకకు తోలుదురు. ధాన్యపు బస్తాలను బండ్ల కెత్తుదురు. ముసలివారిని, పసిపిల్లలను ముందుగా సాగనంపుదురు. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగుల వఱకు వచ్చెను. 2022 జూలైలో 71.3 అడుగుల వఱకు వచ్చెను. ఆ యంకెలు నేటికిని ఇంటింట నోటనున్నవి. వానిని కొలిచి చెప్పినవారు ప్రభుత్వోద్యోగులే. అయినను, “ఇది సర్కారు లెక్క, నమ్మరాదు” అని పెదవి విఱచువారు మిక్కిలి అరుదు.

2020వ సంవత్సరమున కరోనా యను అంటువ్యాధి మన దేశమునకు వచ్చినపుడును ప్రభుత్వము ప్రతిదినమును అంకెలు ప్రకటించెను. నేడు ఇందఱికి సోకినది, ఇందఱు కోలుకొనిరి, ఇందఱు మరణించిరి అని సాయంకాలమునకు బులెటిను వెలువడెడిది. వరద యంకెను నమ్మిన జనులలోనే అనేకులు ఈ యంకెను నమ్మలేదు. కొందఱు తగ్గించి చెప్పుచున్నారనిరి. కొందఱు పెంచి చెప్పుచున్నారనిరి. మఱికొందఱు అసలు అట్టి వ్యాధియే లేదనిరి. ఒకే ప్రభుత్వము, ఒకే ప్రజలు; ఒక యంకెపై నమ్మిక, మఱియొక యంకెపై అపనమ్మిక. ఇట్లేల జరిగెను? ఆ సందేహము తప్పా, ఒప్పా? ఇకముందు అట్టి కాలము వచ్చినపుడు గ్రామమున పదుగురికి మాట చెప్పవలసిన పెద్దలు ఏమి చేయవలెను? ఈ మూడు ప్రశ్నలను గూర్చి విచారించుటయే నేటి ప్రసంగము.

మొదట ఈ వ్యాధి కానవచ్చిన చోటికి పోదము. 2019 డిసెంబరు చివర చైనా దేశమందలి వూహాన్ నగరమున ఒక వింత జ్వరము బయలుదేఱెను. లీ వెన్‌లియాంగ్ అను నేత్రవైద్యుడు డిసెంబరు 30వ తేదీన తన తోడి వైద్యులకు, ఇట్టి రోగులు ఆసుపత్రికి వచ్చుచున్నారు, జాగ్రత్తగా నుండుడని సందేశము పంపెను. జనవరి 3వ తేదీన పోలీసులు ఆయనను పిలిపించి, అబద్ధములు వ్యాపింపజేయుచున్నావని మందలించి, కాగితముపై చేవ్రాలు పెట్టించుకొనిరి. ఆయన మరల ఆసుపత్రి పనిలో ప్రవేశించెను. ఆ వ్యాధియే సోకి ఫిబ్రవరి 7వ తేదీన మరణించెను. మార్చి నెలలో ఆ నగరపు పోలీసులు తమ మందలింపును రద్దు చేసికొని ఆయన కుటుంబమునకు క్షమాపణ చెప్పుకొనిరి. అధికారులు వదంతి యని త్రోసివేసిన మాట నిజమయ్యెను. ఈ వార్త లోకమంతట వ్యాపించినపుడు, తక్కిన దేశముల ప్రజలును తమ తమ ప్రభుత్వముల మాటను అనుమానముతో వినసాగుటలో ఆశ్చర్యమేమున్నది?

ఆ దినములలోనే జరిగిన మఱియొక సంగతి కలదు. జనవరి 14వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ, చైనా అధికారుల తొలి విచారణలో ఈ వ్యాధి మనిషి నుండి మనిషికి సోకునట్లు స్పష్టమైన నిదర్శనము కనబడలేదని ప్రకటించెను. ఆఱు దినములకు, అనగా 20వ తేదీన, సోకుచున్నదని చైనా వైద్యులే చెప్పిరి. 23వ తేదీన కోటికి పైగా జనులు గల ఆ నగరమును మూసివేసిరి. ఇచ్చట పెద్దలు ఒక భేదమును గమనింపవలెను. నిదర్శనము కనబడలేదనుట వేఱు, సోకదనుట వేఱు. అడవిలో పులి జాడ కానరాలేదని చెప్పినవానిని, నీవు ఎంత దూరము వెదకితివి, ఏ వాగు వఱకు పోతివి అని మనమడుగుదుము. ఊరి పొలిమేర దాటనివాడు జాడ కానరాలేదన్నచో దానిని నమ్మి పశువులను అడవికి తోలుదుమా? జనవరి 14వ తేదీ ప్రకటనను విన్నవారు చాలమంది “కనబడలేదు” అను మాటను “లేదు” అను మాటగా గ్రహించిరి. చెప్పినవారు వెదకిన దూరమును చెప్పలేదు, విన్నవారు అడుగలేదు.

వార్తను అణచిపెట్టుట నేటి వింతయు కాదు. 1918వ సంవత్సరమున లోకమంతట ప్రబలిన విషజ్వరమునకు స్పెయిను జ్వరమని పేరు వచ్చెను. ఆ జ్వరము స్పెయినులో పుట్టినందున గాదు. అప్పుడు మహాయుద్ధము జరుగుచుండెను. యుద్ధమున దిగిన దేశములు తమ పత్రికలను అదుపులో నుంచినవి. యుద్ధమున చేరని స్పెయిను దేశపు పత్రికలు స్వేచ్ఛగా వ్రాసినవి. నిజము చెప్పినవానికి నింద, దాచినవానికి మఱుగు. ఆ జ్వరమున మన దేశమందు కోటిమందికి పైగా మరణించిరని చరిత్రకారులు చెప్పుదురు.

ఇక మన యింటి సంగతి. 2020 జనవరి 30వ తేదీన కేరళ దేశమున మొదటి రోగి కానవచ్చెను. మార్చి 2వ తేదీన తెలంగాణములో మొదటి రోగి సంగతి ప్రకటింపబడెను. అంతకు ముందే, కోడిమాంసము తినినచో కరోనా వచ్చునను వదంతి సెల్‌ఫోనుల ద్వారా ఊరూర వ్యాపించెను. కోళ్ల ధర పడిపోయి రైతులు దిక్కుతోచక యుండగా, ఫిబ్రవరి చివర హైదరాబాదులో మంత్రులు వేదికపై నిలిచి అందఱును చూచుచుండగా కోడిమాంసము తినిరి. ఈ విషయమున ప్రభుత్వము చెప్పినదే నిజము, వదంతియే అబద్ధము. మార్చి నెలలో రెండు తెలుగు రాష్ట్రముల ముఖ్యమంత్రులును ఈ వ్యాధికి పారాసిటమాల్ మాత్ర చాలునను అర్థము వచ్చు మాట పలికిరి. ఆ మాటయందు కొంత నిజము లేకపోలేదు. అధిక సంఖ్యాకులు స్వల్ప జ్వరముతో బయటపడినవారే. కాని అది సంపూర్ణ సత్యము కాదని కొలది నెలలలోనే ఆసుపత్రుల వాకిళ్లలో తెలిసివచ్చెను.

మార్చి 23వ తేదీన భారత వైద్య పరిశోధన మండలి, రోగులకు సేవ చేయు సిబ్బంది ముందుజాగ్రత్తగా హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రను వాడవచ్చునని సూచించెను. అది చలిజ్వరమునకును, కీళ్ల జబ్బులకును వాడు మందు. మన్యపు జ్వరముల నెఱిగిన మన ప్రాంతమువారికి కొత్తది గాదు. జూన్ నెల వచ్చునప్పటికి, ఆసుపత్రులలోని కరోనా రోగులకు ఆ మందువలన మేలు లేదని ఇంగ్లండు దేశపు పెద్ద పరీక్షలో తేలెను. ముసుగు సంగతియు నిట్టిదే. ఆరోగ్యముగా నున్నవారు మాస్కు ధరింపనక్కఱ లేదని మొదట చెప్పిరి. ఏప్రిల్ మొదటి వారమున మన కేంద్ర ప్రభుత్వము ఇంటిలో కుట్టిన బట్టతోనైనను ముక్కు నోరు కప్పుకొనుడనెను. జూన్ 5వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థయు తన సలహాను మార్చుకొనెను. నిన్న వద్దన్నవారు నేడు కావలెనన్నచో సామాన్యుడు దేనిని నమ్మవలెను?

ఇక్కడ మనము తొందరపడక తూచి చూడవలెను. అధికారి మాట తప్పగుటకు మూడు కారణములు కలవు. తెలియక తప్పుట మొదటిది. కొత్త వ్యాధిని గూర్చి మొదటి నెలలలో ఎవరికిని పూర్తిగా తెలియదు; తెలిసిన కొలది మాట మార్చుట తప్పు గాదు, అది వివేకము. వరద 43 అడుగుల నుండి 48 అడుగులకు పెరిగినపుడు హెచ్చరిక మాఱినదని మనము నిందింతుమా? తెలియదని ఒప్పుకొనక, తెలిసినట్లు పలుకుట రెండవది. ఇది ధైర్యము చెప్పు తలంపుతోనే జరుగవచ్చును. కాని ఆ ధైర్యము అబద్ధమని తేలిన దినమున, తరువాత చెప్పు నిజమును గూడ ఎవరును నమ్మరు. తెలిసియు దాచుట మూడవది. ఇది ద్రోహము. మొదటిదానిని మన్నింపవలెను, రెండవదానిని నిలదీయవలెను, మూడవదానిని బయటపెట్టవలెను. మూడింటిని ఒక గాటనే కట్టి “అందఱును అబద్ధములే చెప్పుదురు” అనువాడు సందేహించువాడు గాడు. విచారించు శ్రమకు ఓర్వనివాడు.

ఇప్పుడు అంకెల విషయమునకు వత్తము. వరద యంకె యేల నమ్మబడుచున్నది? అధికారులు పుణ్యాత్ములైనందున గాదు. కొలబద్ద అందఱకును కనబడుచున్నందున. రేవు దగ్గఱ నిలిచి చూచినచో నీరు ఏ మెట్టునకు వచ్చినదో ఎవరికైనను తెలియును. 48 అని చెప్పి 44 ఉన్నచో పడవవాడే పట్టుకొనును. కరోనా యంకెకు కొలబద్ద యేది? ఎందఱికి పరీక్ష చేసిరో అదియే కొలబద్ద. నూఱుగురికి పరీక్ష చేయగా పదుగురికి వ్యాధి యున్నదనుటకును, పదివేలమందికి చేయగా పదుగురికే యున్నదనుటకును ఎంతయో భేదము కలదు. 2020 వేసవిలో తెలంగాణపు బులెటినులలో కొంతకాలము రోగుల సంఖ్య యున్నది గాని, ఆ దినమున జరిపిన పరీక్షల సంఖ్య లేదు. నీరు ఎంత వచ్చినదో చెప్పి, ఎక్కడ కొలిచిరో చెప్పనట్లయ్యెను.

ఈ లోపమును గ్రామస్థుడు మాత్రమే గాదు, రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానమును గుర్తించెను. మే నెల మొదలుకొని జూలై వఱకు పలుమాఱు విచారణ జరిపి, పరీక్షలు చాలవనియు, ప్రజలకు పూర్తి వివరములు తెలుపవలసినదనియు ప్రభుత్వమును మందలించెను. మృతదేహములకును పరీక్ష జరుపవలెనని మే నెలలో ఆజ్ఞాపించెను. ఆ యాజ్ఞపై ప్రభుత్వము సుప్రీంకోర్టునకు పోయి జూన్ నెలలో నిలుపుదల పొందెను. తుదకు జూలై చివర నుండి పరీక్షలు, ఆసుపత్రి పడకలు మొదలగు వివరములు గల విపులమైన బులెటిను వెలువడసాగెను. కావున సందేహించుట రాజద్రోహము గాదు. న్యాయస్థానమున పద్ధతిగా అడిగిన సందేహమే కొలబద్దను బయటికి తెచ్చినది.

ప్రకటించిన లెక్కకును, ఉన్న వ్యాధికిని ఎంత దూరమో ప్రభుత్వ పరిశోధకులే తరువాత కొలిచిరి. రక్తమును పరీక్షించి, వ్యాధి తెలియకయే వచ్చిపోయిన జాడను పట్టు విధానము కలదు. 2020 మే నెలలో భారత వైద్య పరిశోధన మండలి దేశమంతట అట్టి పరీక్షలు జరిపి, వయోజనులలో నూటికి 0.73 వంతున, అనగా సుమారు 64 లక్షల మందికి, అప్పటికే వ్యాధి సోకియుండవచ్చునని గణించెను. ఆ దినములలో ప్రకటింపబడిన రోగుల సంఖ్య 50 వేల ప్రాంతమున నుండెను. మన రాష్ట్రమున జనగామ, కామారెడ్డి, నల్లగొండ జిల్లాలలో జరిపిన పరీక్షలలో మే నెలలో నూటికి 0.33 వంతుగా నున్న ఆ జాడ ఆగస్టులో 12.2 వంతులకు పెరిగెను. అందువలన బులెటిను అబద్ధమని చెప్పరాదు. అది పరీక్షలో దొరికినవారి లెక్క. దానిని ఉన్నవారందఱి లెక్కగా చెప్పుటయు, వినుటయు పొరపాటు.

మన సరిహద్దు ప్రాంతమున ఈ చిక్కు మఱింత హెచ్చు. పోలవరము ప్రాజెక్టు కొరకు 2014లో ఏడు మండలముల గ్రామములు ఆంధ్రప్రదేశమున చేర్పబడెను. భద్రాచలము పట్టణము తెలంగాణములో నిలిచెను. దాని ప్రక్కనే యున్న ఎటపాక ఆంధ్రప్రదేశమునకు పోయెను. చింతూరు దాటి కుంటకు పోయిన ఛత్తీస్‌గఢ్. శబరి కావలి యొడ్డున ఒడిశా. భద్రాచలము ఆసుపత్రికి ఈ దిక్కులన్నిటి నుండియు రోగులు వత్తురు. ఒక్కొక్క ప్రభుత్వమునకు ఒక్కొక్క బులెటిను, ఒక్కొక్క నిబంధన, ఒక్కొక్క తనిఖీ గేటు. బంధువు లిరువురు ఏటికి ఈ దరి ఒకరు, ఆ దరి ఒకరు నుండి రెండు వేఱు మాటలు వినుచుండిరి. ఆ మాటలైనను తెలుగులోనో, హిందీలోనో, ఆంగ్లములోనో వచ్చెను గాని, కోయ గూడెములలో అమ్మమ్మలు మాటలాడు భాషలో వచ్చుట అరుదు. అర్థము గాని ఆజ్ఞ ఆజ్ఞగా నుండును గాని వార్త గాదు.

అంతేకాదు. ఈ ప్రాంతపు సందేహమునకు పాత వేరు ఒకటి కలదు. 2009 జూలైలో నాటి ఖమ్మము జిల్లాలోని భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో, పాత్ అను అమెరికా దేశపు సంస్థయు, వైద్య పరిశోధన మండలియు, రాష్ట్ర ప్రభుత్వమును కలిసి, 10 మొదలు 14 సంవత్సరముల వయస్సు గల సుమారు 14 వేల బాలికలకు గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు రాకుండుటకని టీకాలు వేయించిరి. వారిలో అనేకులు వసతిగృహములలో చదువుకొను పిల్లలు. కొందఱు బాలికలు మరణించిరను వార్తపై అలజడి రేగగా, 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమము నిలిపివేయబడెను. కేంద్ర ప్రభుత్వపు విచారణ సంఘము ఆ మరణములకు టీకా కారణము గాదని చెప్పెను. కాని ఆ సంఘమే మఱియొక సంగతిని బయటపెట్టెను. పరిశీలించిన 9,543 అంగీకార పత్రములలో 1,948 వేలిముద్రలతో నుండెను. 2,763 పత్రములపై వసతిగృహముల వార్డెనులు మొదలగువారు చేవ్రాలు చేసిరి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘమును ఈ వ్యవహారమును తీవ్రముగా ఖండించెను.

ఆ టీకా మందుగా మంచిదే. నేడును అనేక దేశములలో వాడుచున్నారు. చెడ్డది మందు గాదు, అడుగక వేసిన తీరు. తల్లిదండ్రులకు చెప్పవలసినది చెప్పక, వారి బిడ్డల పేర వేఱొకరు చేవ్రాలు చేసిన చోట, పదునొకండు సంవత్సరముల పిమ్మట, 2021లో కరోనా టీకా పట్టుకొని ఆరోగ్య సిబ్బంది గూడెములకు వచ్చినపుడు “ఇదేమి మందు?” అని అడిగినవారిని మూఢులని తీసివేయరాదు. నమ్మకము గింజ వంటిది. విత్తనము కాలమున తినివేసి, కోత కాలమున వెదకినచో దొరకదు.

ఇంతవఱకు సందేహించినవారి పక్షమున చెప్పితిని. ఇక వారి పొరపాటును గూడ చెప్పకున్న ధర్మము గాదు. సర్కారు అంకెను కొలబద్ద యేదని అడిగినవారు, సెల్‌ఫోనులో వచ్చిన మాటను కొలబద్ద అడుగలేదు. కోడిమాంసపు వదంతిని ఎవరు చూచిరి? ఎవరు పరీక్షించిరి? పంపినవాని పేరైన లేదు. అయినను అది నమ్మబడి, అప్పు చేసి కోళ్లు పెంచినవారిని నట్టేట ముంచెను. మార్చి చివర లాక్‌డౌను వచ్చినపుడు అనేక గ్రామములవారు దారులకు ముండ్లకంపలు, చెట్లకొమ్మలు అడ్డము వేసిరి. భయము సహజమే. కాని మిరపకాయ కోతలకు ఛత్తీస్‌గఢ్ నుండి మన చేలకు వచ్చిన కూలివారు పని పోయి, బండ్లు లేక, సుక్మా, బీజాపూరు జిల్లాలలోని తమ గూడెములకు అడవిదారిని కాలినడకను పోవుచుండిరి. వారిలో దారిలోనే ప్రాణములు విడిచినవారును కలరు. వ్యాధి యెవరి నుండి వచ్చునో తెలియని దినములలో, పరదేశి యైనవాడే వ్యాధి యను మాటను మాత్రము ఎవరును సందేహింపలేదు. ఒకవైపే చూచు సందేహము సందేహము గాదు, అది పక్షపాతము.

ప్రజలకు విషయము కన్నుల గట్టినట్లు తెలిసిన చోట వారు ఎట్లు నడచుకొనిరో చూడుడు. 2020 ఏప్రిల్ 2వ తేదీన శ్రీరామనవమి. ఏటేట లక్షలాది భక్తులు చూచుచుండ మిథిలా ప్రాంగణమున జరుగు సీతారాముల కల్యాణము ఆ యేడు ఆలయము లోపలనే, భక్తులు లేకయే జరిగెను. గుంపు కూడినచో వ్యాధి వ్యాపించునను కారణము చెప్పబడెను. దేవునికిని అదే నియమము, సామాన్యునికిని అదే నియమము కనుక జనులు అంగీకరించి ఇంటనుండియే మ్రొక్కుకొనిరి. కారణము చెప్పి నడపిన ఆజ్ఞను మన ప్రజలు కాదనలేదు.

ఈ సందేహములలో ప్రాణముతో ముడివడినది ఒకటి మిగిలియున్నది. అది మృతుల లెక్క. సుప్రీంకోర్టు ఆదేశము ననుసరించి 2021లో కరోనా మృతుల కుటుంబములకు 50 వేల రూపాయల సహాయము నిర్ణయింపబడెను. పరీక్షలో వ్యాధి యని తేలిన 30 దినములలో మరణించినవారిని కరోనా మృతులుగా నెంచవలెనని నియమము చేసిరి. 2022 జనవరిలో సుప్రీంకోర్టునకు తెలిపిన వివరముల ప్రకారము, తెలంగాణములో ప్రకటింపబడిన కరోనా మృతులు 3,993. సహాయము కొఱకు వచ్చిన అర్జీలు దాదాపు 29 వేలు. అప్పటికి మంజూరైనవి 12 వేలకు పైగా. ప్రభుత్వము ప్రకటించిన సంఖ్యకు మూడింతల కుటుంబములకు ప్రభుత్వమే సహాయము మంజూరు చేసినదన్నమాట. బులెటినులోని అంకె కొఱతపడినదని ఇంతకన్న వేఱు సాక్ష్య మేల?

దేశము మొత్తము చూచినను అట్లే యున్నది. 2020, 2021 సంవత్సరములలో మామూలుకన్న అధికముగా జరిగిన మరణములు మన దేశమున 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మే నెలలో అంచనా కట్టెను. ఆ రెండు సంవత్సరములలో ప్రకటింపబడిన కరోనా మృతులు అయిదు లక్షలకు లోపు. కేంద్ర ప్రభుత్వము ఆ గణన పద్ధతిని అంగీకరింపలేదు. కాని 2025 మే నెలలో ప్రభుత్వమే వెలువరించిన జనన మరణ నమోదు లెక్కలలో, 2020లో సుమారు 81 లక్షలుగా నున్న మరణములు 2021లో ఒక కోటి 2 లక్షలకు పెరిగినట్లు కానవచ్చెను. ఆ పెరుగుదల యంతయు కరోనా వలననే యనరాదు. నమోదు హెచ్చుటయు కొంత కారణము కావచ్చును. అయినను, ఆ యేడు కరోనా మృతులుగా ప్రకటింపబడిన సుమారు 3 లక్షల 30 వేలతో దానిని పోల్చినచో, లెక్కకు రానివారు అనేకులున్నారని చెప్పక తప్పదు.

లెక్కకు రానివారెవరు? పరీక్ష అందని గూడెములలో మరణించినవారు, ఆసుపత్రికి పోవుచు దారిలో మరణించినవారు, కాగితము లేనివారు. కాగితము లేని మృతునికి భార్య యున్నను వితంతువు గాదు, బిడ్డలున్నను సహాయము లేదు. పెద్దలారా, ఇది హైదరాబాదులోనో ఢిల్లీలోనో సరిదిద్దవలసిన తప్పు మాత్రమే గాదు. మన చేతిలోనిది కొంత కలదు. 1969వ సంవత్సరపు చట్టము ప్రకారము ఊరిలో జరిగిన ప్రతి మరణమును 21 దినములలో పంచాయతి కార్యదర్శికి తెలిపినచో రుసుము లేకయే నమోదగును. దినవారములలో పడి, అక్షరము రాక, దూరమునకు వెఱచి, అనేకులు ఈ పని చేయరు. ఊరి మరణములను ఊరే వ్రాసియుంచుకొనినచో, బులెటిను తప్పినను ఊరి పుస్తకము తప్పదు. గోదావరికి రేవు మెట్లెట్లో, ప్రభుత్వపు లెక్కకు ఈ పుస్తకమట్లు. అధికారి అంకెను సరిచూచుటకు మన దగ్గఱనున్న కొలబద్ద యిదియే.

కావున మరల ఏదేని వ్యాధి గాని, ఆపద గాని వచ్చి, పైనుండి యొక వార్త దిగినపుడు, గ్రామ పెద్దలు దానిని నాలుగు ప్రశ్నలతో పరీక్షింపుడని కోరుచున్నాను. మొదటిది: ఈ సంగతిని చూచినదెవరు, కొలిచినదెవరు? పేరు, చోటు, తేదీ కలవా? రెండవది: ఎంత వెదకి చెప్పుచున్నారు? ఎందఱిని పరీక్షించి ఈ యంకె చెప్పిరి? మూడవది: ఈ మాట నిజమైనచో ఎవరికి లాభము, అబద్ధమైనచో ఎవరికి నష్టము? నాలుగవది: చెప్పినవారు మునుపు తప్పు చెప్పినపుడు దానిని బాహాటముగా దిద్దుకొనిరా? ఈ నాలుగు ప్రశ్నలను సర్కారు మాటకు వేయుడు. బజారు మాటకును వేయుడు. సెల్‌ఫోను మాటకును వేయుడు. ఒకదానికి వేసి మఱియొకదానికి మానినచో తక్కెడ వంగును.

సమాధానము వచ్చు వఱకు ఏమి చేయవలెనని అడుగవచ్చును. తప్పినను నష్టము లేని జాగ్రత్తను వెంటనే పాటింపుడు. చేతులు కడుగుకొనుట, దగ్గుచున్నవాడు నోరు కప్పుకొనుట, జ్వరము వచ్చినవానిని వేఱుగ పడుకొనబెట్టి కూడు నీరు అందించుట, ఆయాసము వచ్చిన ఆలసింపక ఆసుపత్రికి చేర్చుట, వీనికి బులెటిను నమ్మనక్కఱ లేదు. తప్పినచో మనుష్యులకు హాని కలిగించు పనిని మాత్రము, ఒక కుటుంబమును వెలివేయుట, దారిని పోవువారిని తఱిమివేయుట వంటి పనిని, నాలుగు ప్రశ్నలకును సమాధానము దొరకు వఱకు చేయకుడు.

అధికారులకును ఒక విన్నపము. తెలియనిదానిని తెలియదని చెప్పినందువలన ప్రజలు బెదరిపోరు. చేనిలో మంచెపై నున్న కావలివాడు చీకటిలో అలికిడి వినినపుడు, “ఏమో తెలియదు, ఏదో వచ్చుచున్నది, మేలుకొనుడు” అని కేకవేయును. ఆ కేకకు ఊరు లేచును. ఏమియు లేదు, నిద్రింపుడని చెప్పిన కావలివానిని, మఱునాడు చేను పోయిన పిమ్మట, ఊరు మరల మంచె ఎక్కనీయదు. వచ్చు వ్యాధి యెట్టిదో మనకు తెలియదు. కాని అప్పుడు వినబడు కేకను ఊరు నమ్మునో నమ్మదో అనునది నేడు మనము వ్రాసియుంచు లెక్కలపైనను, నేడు వారు చెప్పు నిజములపైనను ఆధారపడియున్నది.